రెండు పెట్టెలు, ఒక ఏడాది

తేనెటీగల పెంపకం నేర్చుకుంటామనే పిల్లలకూ, వాళ్ళకు డబ్బు పంపే పెద్దలకూ

"నేను గల్ఫ్‌కు రాను. ఊర్లోనే ఉండి తేనెటీగలు పెంచుకుంటాను. యాభై పెట్టెలకు డబ్బు పంపండి" అని ఇంటి దగ్గర కొడుకో, కూతురో, తమ్ముడో అడిగితే ఏమని చెప్పాలి? ఎండలో ఇటుకలు మోసి, మజ్రాలో నీళ్ళు కట్టి, రాత్రిళ్ళు బండి నడిపి కూడబెట్టిన డబ్బు అది. వద్దంటే పిల్లల ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టవుతుంది. సరేనంటే ఏమవుతుందోనని బెంగ. 2012 ప్రాంతంలో ఈము పక్షుల పెంపకం ఎంతమందికి ఆశ పెట్టి ఎంతమందిని ముంచిందో మన ఊళ్ళవాళ్ళు ఇంకా మర్చిపోలేదు.

మా సలహా ఇది. వద్దనకండి. అలాగని యాభై పెట్టెలకూ పంపకండి. రెండు పెట్టెలకు పంపి, ఒక ఏడాది గడువు పెట్టండి. తేనెటీగల పెంపకంలో డబ్బు పోయేది చాలావరకు ఈగల వల్ల కాదు. ఏడాదిలో రావలసిన చదువును వారం రోజుల్లో వచ్చేసిందనుకోవడం వల్ల పోతుంది.

ఏడాది ఎందుకు?

డ్రైవింగు నెలలో వస్తుంది. వెల్డింగులో కొన్ని నెలలకు చేయి తిరుగుతుంది. అక్కడ ఈరోజు చేసిన పనే రేపూ చేస్తాం. తేనెటీగల పని అలా కాదు, వ్యవసాయం లాంటిది. చలికాలంలో పెట్టె ఒక తీరుగా ఉంటుంది, ఎండాకాలంలో ఇంకో తీరుగా, వానాకాలంలో మరో తీరుగా ఉంటుంది. శిక్షణ శిబిరం సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది. పెట్టె ఎలా తెరవాలో, ఫ్రేము ఎలా పట్టుకోవాలో, రాణి ఎలా ఉంటుందో అక్కడ చక్కగా చూపిస్తారు. కానీ ఆ వారంలో ఏ కాలం నడుస్తుంటే ఆ కాలపు పెట్టె మాత్రమే కంటపడుతుంది. మిగిలిన కాలాలు సొంతంగా చూడాల్సిందే.

మరి ఒక పెట్టె చాలదా అంటే, చాలదు. ఒకటే ఉంటే అది బాగుందో లేదో పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకోటి ఉండదు. పైగా ఒక పెట్టెలో రాణి చచ్చిపోతే రెండో పెట్టెలోంచి గుడ్లున్న ఫ్రేము ఒకటి తీసి ఇందులో పెట్టవచ్చు. ఆ గుడ్ల నుంచే ఈగలు కొత్త రాణిని తయారు చేసుకుంటాయి. ఒక్క పెట్టె ఉన్నవాడికి ఆ అవకాశం లేదు.

ఏ ఈగ? ఏ పెట్టె?

మన ఊళ్ళలో పెద్ద చెట్లకూ, నీళ్ళ ట్యాంకులకూ వేలాడే పెద్ద తుట్టెలు కొండ తేనెటీగలవి. వాటిని పెట్టెలో పెంచలేం. వాటి జోలికి పోవద్దు. కొమ్మల్లో అరచేయంత పట్టు కట్టేవి చిన్న తేనెటీగలు. అవీ పెట్టెలో ఉండవు. పెంచడానికి వీలైనవి ముఖ్యంగా రెండు. ఒకటి చెట్టు తొర్రల్లో, పాత పుట్టల్లో ఉండే మన నాటు పుట్ట తేనెటీగ. రెండోది ఇటాలియన్ తేనెటీగ. ఇది 1960లలో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకుని, తర్వాత దేశమంతా పాకింది.

పుట్ట ఈగ మన వాతావరణానికి అలవాటుపడింది. మేత తక్కువైనా నెట్టుకొస్తుంది. తేనె మాత్రం ఏడాదికి పెట్టెకు ఐదు నుంచి పది కిలోలే. కోపం వచ్చినా, ఆకలి వేసినా పెట్టె వదిలేసి లేచిపోయే గుణం కూడా దీనికి ఎక్కువ. ఇటాలియన్ ఈగ సాధువు. పెట్టెలను పూల వెంట ఊరూరా తిప్పితే ఇంతకు ఎన్నో రెట్లు తేనె ఇస్తుంది. కానీ తిండి ఎక్కువ, సేవ ఎక్కువ, లారీ ఖర్చు ఎక్కువ. రోగాలు దేన్నీ వదలవు. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో పుట్ట ఈగల పెట్టెలను ఊడ్చిపెట్టింది. ఇటాలియన్ ఈగకు వరోవా అనే ఎర్రటి నల్లి పెద్ద శత్రువు. మీ ప్రాంతంలో ఇప్పటికే పెంచుతున్నవాళ్ళ దగ్గర ఏది నిలబడిందో చూసి, దానితోనే మొదలుపెట్టడం మంచిది.

పెట్టెను ఊరి వడ్రంగి చేత చేయిస్తే నాలుగు డబ్బులు మిగులుతాయని చాలామందికి అనిపిస్తుంది. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు ఒక విషయం కనిపెట్టాడు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య, ఫ్రేముకూ గోడకూ మధ్య ఈగ నడవడానికి సరిపడా, అంటే 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు ఉంటే ఈగలు దాన్ని బాటగా వదిలేస్తాయి. అంతకంటే తక్కువైతే జిగురుతో మూసేస్తాయి, ఎక్కువైతే అడ్డదిడ్డంగా మైనం కడతాయి. ఈనాటి ఫ్రేముల పెట్టెలన్నీ ఆ సందు మీదే ఆధారపడ్డాయి. వడ్రంగి చేతిలో ఆ కొలత కాస్త తప్పితే ఫ్రేములు అతుక్కుపోయి, పైకి లాగినప్పుడల్లా ఈగలు నలిగి, కుట్టడం మొదలుపెడతాయి. కాబట్టి మొదటి రెండు పెట్టెలూ కొలత ప్రకారం తయారైనవే కొనాలి.

గుడ్డు చూడటం వస్తే సగం విద్య వచ్చినట్టే

పెట్టెలో ఒక రాణి, కొన్ని వందల పోతుటీగలు, వేల సంఖ్యలో కూలి ఈగలు ఉంటాయి. పని జోరుగా సాగే రోజుల్లో కూలి ఈగ బతుకు ఆరు వారాలే. మొదటి మూడు వారాలు ఇంటిపని. గదులు ఊడవడం, పిల్లలకు మేత పెట్టడం, మైనంతో గదులు కట్టడం, వాకిట్లో కాపలా కాయడం. మిగిలిన మూడు వారాలు బయటి పని. ఒక ఈగ బతుకంతా తిరిగి కూడబెట్టే తేనె టీ చెంచాలో పన్నెండో వంతు ఉంటుందని లెక్క.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు పెట్టె తెరవగానే రాణి కోసం వెతుకుతారు. వేల ఈగల్లో రాణి అంత త్వరగా కనబడదు. వెతుకుతూ పెట్టెను అరగంట తెరిచి ఉంచితే లోపలి పిల్లలు చల్లబడతాయి. అనుభవం ఉన్నవాళ్ళు రాణిని కాదు, గుడ్లను చూస్తారు. సూర్యుడు మన భుజం వెనక ఉండేలా నిలబడి ఫ్రేమును కొంచెం వంచితే గది అడుగున నూకలో సగం కూడా లేని తెల్లటి గుడ్డు కనబడుతుంది. పిల్లల కళ్ళు చురుకైనవి కాబట్టి ఈ పని పెద్దవాళ్ళ కంటే వాళ్ళకే తొందరగా పట్టుబడుతుంది.

ఇటాలియన్ ఈగలో గుడ్డు మూడు రోజులు గుడ్డుగా ఉంటుంది. తర్వాత ఐదారు రోజులు తెల్లటి పురుగు. తొమ్మిదో రోజు దరిదాపుల్లో గదికి మూత పడుతుంది. 21వ రోజుకు కూలి ఈగ బయటికి వస్తుంది. రాణికి 16 రోజులు, పోతుటీగకు 24 రోజులు పడుతుంది. పుట్ట ఈగలో ఒకటి రెండు రోజులు తేడా ఉండవచ్చు. ఈ అంకెలు కంఠతా వస్తే పెట్టె తన సంగతి తానే చెబుతుంది. గుడ్లు కనబడ్డాయా, రాణి మూడు రోజుల కిందటి దాకా క్షేమంగా ఉందన్నమాట. గుడ్లు లేవు, పురుగులు మాత్రమే ఉన్నాయా, గుడ్లు పెట్టడం ఆగి మూడు రోజులు దాటింది. మూత వేసిన గదులు తప్ప ఇంకేమీ లేవా, తొమ్మిది రోజుల పైమాటే. ఇప్పుడు రాణి లేకపోతే కొత్త రాణి తయారై, జతకట్టి వచ్చి, గుడ్లు పెట్టడానికి నెల దాకా పట్టవచ్చు. ఆ నెలలో ముసలి ఈగలు చచ్చిపోతుంటాయి, కొత్తవి పుట్టవు. పెట్టె పలచబడిపోతుంది. వారం రోజుల్లో పసిగట్టినవాడు పక్క పెట్టెలోంచి గుడ్ల ఫ్రేము ఇచ్చి కాపాడుకుంటాడు. నెల తర్వాత చూసినవాడికి ఖాళీ పెట్టె మిగులుతుంది.

అందుకే నోటుబుక్కు తప్పనిసరి. ఏ తేదీన తెరిచారు, గుడ్లు ఉన్నాయా, ఎన్ని ఫ్రేముల్లో పిల్లలున్నాయి, తేనె ఎంత, చుట్టుపక్కల ఏ పూలు పూస్తున్నాయి. ఐదు ముక్కలు రాస్తే చాలు. ఇక్కడ ఉన్న పెద్దలకు కూడా ఇందులో పని ఉంది. ఫోనులో "బాగున్నాయా?" అని అడిగితే "బాగున్నాయి" అనే జవాబే వస్తుంది. "ఈ వారం గుడ్లు చూశావా? ఎన్ని ఫ్రేములు నిండాయి? ఏం పూలున్నాయి?" అని అడగండి. చూడనివాడు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేడు.

కుట్టడం గురించి

తేనెటీగ కుడుతుంది. కుట్టనివ్వకుండా ఈ విద్య నేర్చుకున్నవాళ్ళు లేరు. ముసుగు, లేత రంగు బట్టలు, పొగడబ్బా, ఫ్రేములు కదిలించే ఉలి, ఇవి లేకుండా పెట్టె ముట్టుకోవద్దు. ఎండ మంచిగా కాసే రోజున, పొద్దున పూట, పెట్టె వెనక నుంచో పక్క నుంచో తెరవాలి. వాకిలికి అడ్డంగా నిలబడకూడదు. కుట్టిన చోట ఈగ వదిలే వాసన మిగతా ఈగలకు పిలుపు లాంటిది. పొగ ఆ వాసనను కప్పేస్తుంది. ఆ వాసనలోని రసాయనం అరటిపండు వాసనలోనూ ఉంటుంది. అందుకే పెట్టె దగ్గరికి వెళ్ళే ముందు అరటిపండు తినవద్దంటారు. ఇక్కడి నుంచి మీరు పంపిన అత్తరు కూడా ఆ రోజుకు పక్కన పెట్టమనండి.

కుట్టిన ముల్లును వెంటనే గోటితో గీకేయాలి. ఆలస్యం చేసినకొద్దీ విషం లోపలికి దిగుతూనే ఉంటుంది. వాపు, దురద మామూలే. కానీ ఊపిరి ఆడకపోవడం, ముఖం, పెదవులు ఉబ్బడం, కళ్ళు తిరగడం, ఒళ్ళంతా దద్దుర్లు రావడం జరిగితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అలాంటి తత్వం ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ పనిలో దిగకూడదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఎంత ధైర్యవంతులైనా పెద్దవాళ్ళు పక్కన లేకుండా పెట్టె తెరవవద్దు.

దసరా నుంచి దసరా దాకా

మన ప్రాంతంలో మొదలుపెట్టడానికి వానలు వెనకపట్టాక, దసరా ప్రాంతం అనువుగా ఉంటుంది. చలికాలంలో ఆవాలు, ధనియాలు, పొద్దుతిరుగుడు పూస్తాయి. పెట్టెలు నిండుతాయి. కొత్తవాడికి అంతా తేలికగా అనిపిస్తుంది. ఫ్రేము అంచుల్లో వేరుశనగ కాయలా వేలాడే రాణి గదులు కనబడితే పెట్టె రెండుగా చీలిపోవడానికి సిద్ధమవుతున్నదని గుర్తు. సమయానికి మనమే విడదీస్తే ఒకటి రెండవుతుంది. గమనించకపోతే సగం ఈగలు పాత రాణిని తీసుకుని ఎగిరిపోతాయి.

తేనె తీయడం కూడా ఈ కాలంలోనే నేర్చుకోవాలి. పై అరలోని ఫ్రేములో ముప్పాతిక వంతు గదులకు మైనపు మూత పడితేనే తేనె పండినట్టు. పచ్చి తేనెలో నీరు ఎక్కువ. నీరు 20 శాతం దాటితే పులిసిపోతుంది. కింది అరలో పిల్లలుండే ఫ్రేముల జోలికి పోకూడదు. అన్నీ తీసేయకుండా ఈగల తిండికి కొంత వదలాలి. పిండి తీసే పాత పద్ధతిలో పట్టుతో పాటు పిల్లలూ పోతాయి. తిప్పి తీసే యంత్రంలో పట్టు పాడవదు కాబట్టి ఈగలు మళ్ళీ అందులోనే నింపుతాయి.

ఉగాదికి వేప, ఆ వెనక కానుగ పూస్తాయి. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి. ఇక్కడి నుంచి అసలు పరీక్ష మొదలు. పిల్లలున్న చోట 34, 35 డిగ్రీల వేడి నిలపడానికి ఈగలు నీళ్ళు తెచ్చి చల్లి, రెక్కలతో విసురుతుంటాయి. నీడ, పక్కనే నీళ్ళు ఉండాలి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేయకపోతే ఈగలు మునిగి చస్తాయి.

వానాకాలంలో మొక్కజొన్న పుప్పొడి దొరికినా తేనె రావడం కష్టం. ముసురు పట్టిన రోజుల్లో ఈగలు బయటికే పోలేవు. చక్కెర, నీళ్ళు సమంగా కలిపిన పాకం సాయంత్రం పూట పెట్టె లోపల పెట్టాలి. బయట ఒలికితే పక్క పెట్టె ఈగలు దోపిడీకి వస్తాయి. తేనె తీసే కాలంలో పాకం పెట్టకూడదు. పెడితే అది తేనె కాదు, కల్తీ. బలహీనపడ్డ పెట్టెలో ఖాళీ ఫ్రేములు వదిలేస్తే మైనపు పురుగు చేరి సాలెగూడులా అల్లేస్తుంది. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ చిప్పలు లేకపోతే చీమలు, వాకిట్లో కందిరీగలు. వీటన్నిటికీ తోడు పురుగుమందు. పూత మీద పొద్దునపూట మందు కొడితే మేతకు పోయిన ఈగలు తిరిగి రావు. పక్క చేనువాళ్ళతో ముందే మాట్లాడి, కొట్టక తప్పనప్పుడు సాయంత్రం కొట్టమని బతిమాలుకోవాలి. వాళ్ళ పొద్దుతిరుగుడు గింజ కట్టడానికి ఈ ఈగలే సాయమని చెబితే వింటారు.

మళ్ళీ దసరా వచ్చేసరికి ఈ రెండు పెట్టెలూ బతికి ఉంటే, ఆ పిల్లవాడికి ఒక ఏడాది విద్య వచ్చినట్టు.

ఇక్కడ మన కళ్ళ ముందే

గల్ఫ్‌లో మజ్రాల్లో పనిచేసే మనవాళ్ళకు ఈ విషయాలు పూర్తిగా కొత్త కాదు. ఎమిరేట్స్ జాతీయ వృక్షమైన గాఫ్ మరేదో కాదు, మన జమ్మి చెట్టే. దసరాకు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునే మనం ఇక్కడ దాని నీడలోనే అన్నం తింటున్నాం. ఆ పూల తేనె ఇక్కడి అంగళ్ళలో అమ్ముతారు. అరబ్బులు అంత డబ్బు పెట్టి కొనే సిదర్ తేనె మన రేగుకు దగ్గరి చుట్టమైన చెట్టుది. సమర్ తేనె తుమ్మ జాతి చెట్టుది. ఒమన్‌లో సమర్ తేనెను వేసవి మొదట్లో, సిదర్ తేనెను చలికాలం మొదట్లో తీస్తారు. ఇది ఏ చెట్టు తేనె అని అక్కడి పెంపకందారులు లెక్కగా చెబుతారు. పూత కోసం కాచుకుని ఉండటమే వాళ్ళ విద్య.

ఒమన్ పల్లెల్లో ఖర్జూరపు మొద్దును తొలిచి అందులో ఈగలను పెంచే పాత పద్ధతి ఉంది. కొమ్మల్లో పట్టు కట్టే చిన్న తేనెటీగను కూడా, పట్టున్న కొమ్మను కోసి తెచ్చి గూళ్ళలో పెట్టి సాకుతారు. ఈజిప్టు నుంచి ఈగలను తెప్పించుకుని పెంచడం గల్ఫ్ దేశాల్లో ఉంది. కానీ ఈ ఎండకు తట్టుకునేది చిన్నగా ఉండే యెమెన్ జాతి ఈగే. పరాయి ఈగ ఎక్కువ తేనె ఇస్తుందేమో కానీ, స్థానికంగా పుట్టిన ఈగ ఎండాకాలం దాటుతుంది. మన ఊళ్ళో ఏ ఈగను ఎంచుకోవాలనే ప్రశ్నకు ఇదీ ఒక జవాబు. మీ మజ్రాలో పెట్టెలుంటే, అర్బాబ్ అనుమతితో, చూసేవాళ్ళ పక్కన నిలబడి చూడండి. తిరిగి ఇంటికి పోయేనాటికి ఆ చూపు పనికొస్తుంది.

ఎక్కడ నేర్పుతారు?

మొదట జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రంలో, ఉద్యానశాఖ ఆఫీసులో కనుక్కోమనండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ తన రూరల్ టెక్నాలజీ పార్కులో ఈ పని నేర్పుతూ వచ్చింది. పుణెలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్‌కు చెందిన కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ 1962 నుంచి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో 500 కోట్ల రూపాయలతో తేనె మిషన్‌ను ప్రకటించి, తర్వాత 2025-26 దాకా పొడిగించింది. ఇప్పుడు ఏ పథకం కింద ఎంత సాయం దొరుకుతుందో ఆఫీసులోనే అడగాలి. సబ్సిడీ ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగే మధ్యవర్తులనూ, "పెట్టెలు మా దగ్గరే కొనండి, తేనె అంతా మేమే తీసుకుంటాం" అనే మాటలనూ నమ్మవద్దు. శిక్షణ తర్వాత, దగ్గరలో పెట్టెలున్న ఒక రైతు దగ్గర కొన్నాళ్ళు ఊరికే సాయం చేయడం అన్నిటికంటే మంచి బడి.

ఏడాది తిరిగాక రెండు పెట్టెలు మూడో, నాలుగో అయితే, ఇంకో పదింటికి డబ్బు పంపడానికి భయపడనక్కర్లేదు. ఒక పెట్టె పోయినా, అది ఎందుకు పోయిందో నోటుబుక్కు తెరిచి తేదీలతో చెప్పగలిగితే ఇంకో ఏడాది ఇవ్వండి, ఆ పిల్లవాడు నేర్చుకుంటున్నాడు. ఏమీ చెప్పలేకపోతే, పోయింది రెండు పెట్టెల ఖర్చు మాత్రమే. మిగిలిన నలభై ఎనిమిది పెట్టెల డబ్బు మీ దగ్గరే ఉంది.